మిగ్-21 మోడల్‌కి చేత్తో చేసుకునే చిన్న భాగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి బీరువాలో ఉన్న మిగ్-21 యుద్ధ విమానం మోడల్‌ని చూసిన వాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "ఇది కొన్నదా, చేసిందా?" రెండూ నిజమే. విమానం ఒళ్లు కిట్‌లోది, అంటే ముక్కలుగా కొని అతికించుకునే ప్లాస్టిక్ సెట్టులోది. కాక్‌పిట్‌లోని మీటలు, చక్రాలుండే గేర్ కాళ్ల వెంబడి దిగే బ్రేకు గొట్టాలు, ముక్కు మీది పొడవాటి పుల్ల నేను చేసినవి. ఆ మాట చెప్పగానే సందేహాలు మొదలవుతాయి, ఏడాది తిరిగేసరికి అవే సందేహాలు మరొకరి నోటి వెంట వస్తాయి. అందుకని వాటిని పని జరిగే వరసలో రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

ఉదాహరణకు మిగ్-21నే తీసుకోవడానికి కారణం ఉంది. 1963 నుంచి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పేదాకా మన వైమానిక దళంలో ఉన్న విమానం ఇది. ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి, దగ్గరికి వెళ్లి చూడటానికి మ్యూజియంలూ ఉన్నాయి.

## పని మొదలుపెట్టే ముందు

కిట్‌లో అన్ని భాగాలూ ఇస్తారు కదా, మళ్లీ చేత్తో చేయడం ఎందుకు?

మందం వల్ల. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌ని ఒక హద్దు దాటి పలచగా తీయలేరు. కిట్‌లోని గేర్ తలుపు, అంటే చక్రాల గూడు మూసే తలుపు, సుమారు 1 మి.మీ. మందం ఉందనుకోండి. 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు ఉండే మోడల్‌లో, అది 72 మి.మీ.కి సమానం. అంటే అసలు విమానానికి దాదాపు మూడంగుళాల దళసరి తలుపు బిగించినట్టు. చూసేవాళ్లకు ఈ లెక్క తెలియకపోయినా కళ్లు పట్టేస్తాయి, "బొమ్మ" అనిపించేది అక్కడే. అందుకే కొత్తవి చేర్చడం కంటే ఉన్నవాటిని పలచన చేయడం ముందు అంటాను. తలుపుల అంచులు, రెక్కల వెనక అంచులు, తోక చివర ఇంజన్ నాజిల్ పెదవి, కాక్‌పిట్ మీది పారదర్శక మూత (కానోపీ) అంచు. ఈ నాలుగూ సన్నబడితే, ఒక్క తీగ కూడా అతికించకుండానే మోడల్ సగం మారిపోతుంది.

1/72తో మొదలుపెట్టాలా, 1/48తోనా?

మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. అది 1/72లో 99 మి.మీ., 1/48లో 149 మి.మీ. అయిదున్నర అడుగుల పైలట్ మొదటిదాంట్లో 24 మి.మీ. కూడా ఉండడు, రెండోదాంట్లో 35 మి.మీ. దాకా ఉంటాడు. కాక్‌పిట్‌లో చేత్తో పని చేయాలనుకుంటే మొదటిసారి 1/48 తీసుకోండి, ముఖ్యంగా చత్వారం వచ్చిన వాళ్లు. 1/72 చవక, చోటు తక్కువ పడుతుంది, కానీ అందులో వివరాలను సగానికి కోసేయాలి. లెక్క వేస్తే 0.1 మి.మీ. కంటే సన్నగా వచ్చే వస్తువును నేను అసలు ముట్టుకోను.

మిగ్-21లు అన్నీ ఒకటే కదా, ఏ ఫొటో చూసి చేసినా పర్వాలేదా?

పర్వాలేదనుకుని నేనూ ఒకసారి నెల రోజుల పని పారేశాను. మన దగ్గర తిరిగిన వాటిలో ఎఫ్ఎల్ రకానికి కానోపీ ముందు వైపు బిజాగిరీల మీద లేస్తుంది, పిటో పుల్ల (గాలి వేగం కొలిచే ఆ పొడవాటి పుల్ల) ముక్కు పైన నడిమధ్యలో ఉంటుంది, ఒంట్లో ఫిరంగి ఉండదు. తర్వాత వచ్చిన ఎం, బిస్ రకాలకు కానోపీ కుడి పక్కకు తెరుచుకుంటుంది, పుల్ల నడిమి నుంచి కుడి వైపుకు జరిగింది. పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటు కూడా వేరు: ఎఫ్ఎల్‌లో ఎస్‌కె రకం, తర్వాతి వాటిలో కెఎం-1. కాబట్టి ముందు రకం తేల్చుకోండి, వీలైతే ఒకే విమానాన్ని, ఒకే ఏడాదిని ఎంచుకోండి. ఫొటోల సంచిని ఆ తర్వాత నింపండి.

అసలు విమానం కొలతలు ఎలా తెలుస్తాయి?

బెంగళూరులోని హెచ్ఏఎల్ మ్యూజియంలో, ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో మిగ్-21ని దగ్గరగా చూడవచ్చు. ఫొటో తీసేటప్పుడు కెమెరాను భాగానికి ఎదురుగా, వాలకుండా పట్టుకోండి. ఫొటోలో తెలిసిన కొలత ఒకటి ఉంటే మిగతావి దాన్నుంచి తీయవచ్చు. బిస్ ప్రధాన చక్రం టైరు వ్యాసం 800 మి.మీ. ఫొటోలో చక్రం 40 మి.మీ. ఉండి, పక్కనే ఉన్న గొట్టం అర మి.మీ. ఉంటే అసలు గొట్టం 10 మి.మీ. అన్నమాట. దాన్ని 48తో భాగిస్తే మీకు కావలసిన తీగ 0.2 మి.మీ.

రంగుల విషయంలో మాత్రం మ్యూజియం విమానాన్ని నమ్మవద్దు. ఎండకూ వానకూ నిలబడటానికి వాటికి మళ్లీ మళ్లీ రంగు వేస్తారు, ఒక్కోసారి చక్రాల గూళ్లతో సహా. ఇక వైమానిక స్థావరాల గేట్ల దగ్గర నిలబెట్టిన విమానాలను చూసి ఆశపడి కెమెరా తీయకండి. అనుమతి లేని చోట ఫొటో అంటే కొలతలకు బదులు సంజాయిషీలు ఇచ్చుకోవాలి.

3డి ప్రింటర్ వచ్చాక ఇదంతా అవసరమా?

సీటు, చక్రాలు, నాజిల్ లాంటి గుండ్రని, ఒకేలాంటి భాగాలకు ప్రింటర్ చక్కటి సాధనం, వాడండి. కానీ తీగలు, పలకలు, బెల్టులు ఇప్పటికీ తీగతోనూ పలచటి షీటుతోనూ చేస్తేనే బాగుంటాయి. ప్రింటర్‌లో వచ్చే సన్నటి రెజిన్ పుల్ల పెళుసు, పట్టకారు తగిలితే విరుగుతుంది. రాగి తీగ వంగుతుంది, మళ్లీ సరిచేసుకోవచ్చు.

## సామాను

ప్లాస్టిక్ షీటు మా ఊళ్లో దొరకదు. దాని బదులు ఏం వాడాలి?

కావలసింది పాలీస్టైరీన్. 0.13, 0.25, 0.5 మి.మీ. మందాల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చిన్న పొట్లం కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. అది వచ్చేలోపు అడుగున త్రికోణంలో 6 అంకె ఉన్న పెరుగు కప్పులు, మూతలు ఏరుకోండి, అవి పాలీస్టైరీనే. అనుమానం ఉంటే మోడల్ జిగురు ఒక చుక్క పెట్టి చూడండి: మెత్తబడి అంటుకుంటే పనికొస్తుంది, జారిపోతే వేరే ప్లాస్టిక్.

ఇంకా సన్ననివి వంటింట్లోనే ఉన్నాయి. కూల్‌డ్రింకు డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. మందం, కత్తెరతో తెగుతుంది, వంచిన చోట నిలుస్తుంది. మాత్రల పట్టీ వెనక ఉండే రేకు అంతకంటే ఎంతో పలచన. బెల్టులకు, తలుపు లోపలి పొరలకు దానికి మించింది లేదు. ఒక్కటే చిక్కు: లోహానికి మోడల్ జిగురు పనిచేయదు, సూపర్ గ్లూ కావాలి.

అంత సన్నని తీగలు ఎక్కడ దొరుకుతాయి?

మోటారు వైండింగ్ షాపులో. పొలం మోటార్లు, ఫ్యాన్లు రీవైండ్ చేసే చోట ఎనామెల్ పూత ఉన్న రాగి తీగ గేజీల లెక్కన ఉంటుంది. 30 గేజి సుమారు 0.31 మి.మీ., 36 గేజి 0.19, 40 గేజి 0.12. గేజి పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. చెత్తబుట్టలోకి పోయే తుంపు ముక్కలు అడిగితే చాలామంది ఊరికే ఇస్తారు, "ఎందుకు సార్?" అని మాత్రం తప్పకుండా అడుగుతారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. పాడైన ఛార్జర్ తీగను చీలిస్తే లోపల వెంట్రుకల్లాంటి పోగులు కట్టగా దొరుకుతాయి.

చుట్టలోంచి తీసిన తీగ ఎప్పుడూ వంకరగానే ఉంటుంది. ఒక కొసను శ్రావణంతో పట్టుకుని, రెండో కొసను మరో శ్రావణంతో మెల్లగా లాగండి. తీగ కాస్త సాగినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు వదిలితే గీత గీసినట్టు నిలుస్తుంది.

స్ప్రూని సాగదీయడం అంటే ఏమిటి? నాకు ఎప్పుడూ తెగిపోతోంది.

కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడనే స్ప్రూ అంటారు. దాన్ని వేడి చేసి లాగితే తల వెంట్రుక మందం దాకా తీగ వస్తుంది. అది ప్లాస్టికే కాబట్టి మోడల్ జిగురుతోనే అతుకుతుంది.

తెగిపోతోందంటే మంటకు మరీ దగ్గరగా పెడుతున్నారు. కొవ్వొత్తి మంటకు రెండు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకుని, వేళ్ల మధ్య తిప్పుతూ ఉండండి. నడిమి భాగం తళతళలాడి, తన బరువుకు తానే కుంగడం మొదలుపెడుతుంది. అప్పుడు మంట మీద నుంచి పక్కకు తీసి, ఒక్క క్షణం ఆగి, లాగండి. మెల్లగా లాగితే లావు తీగ, వేగంగా లాగితే సన్న తీగ. లాగాక పది లెక్కపెట్టేదాకా బిగువు వదలకండి. సీలింగ్ ఫ్యాను ఆపడం మరవద్దు, కిటికీ మాత్రం తెరిచే ఉంచండి.

ఏ జిగురు దేనికి?

ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్: పలచటి ద్రవపు మోడల్ జిగురు, కుంచెతో సందులోకి. లోహానికి, రెజిన్‌కి: సూపర్ గ్లూ. సీసా మూతితో నేరుగా పోయకండి. చాక్లెట్ కాగితం మీద ఒక చుక్క పిండి, సూది మొనతో దానిలోంచి ఎత్తుకుని పెట్టండి. కానోపీలాంటి పారదర్శక భాగాలకు: చెక్కకు వాడే తెల్ల జిగురు, ఆరాక కనపడదు. పనిముట్ల తప్పు అనుకునే వాటిలో చాలావరకు జిగురు ఎక్కువై వచ్చినవే.

మొదట ఏ పనిముట్లు కొనాలి?

మొన వాడిగా ఉన్న హాబీ కత్తి, మంచి పట్టకారు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, దానికి 0.3, 0.4, 0.5 మి.మీ. మొనలు, 400 నుంచి 1000 దాకా నీటి ఉప్పుకాగితాలు, స్టీలు స్కేలు. పట్టకారు, డ్రిల్లు మొనలు, సన్న ఆకురాళ్లు కంసాలి పనిముట్లు అమ్మే దుకాణంలో నాణ్యంగా, చౌకగా దొరుకుతాయి. భూతద్దం తలకు తగిలించుకునేదైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

## కాక్‌పిట్

కాక్‌పిట్‌లో వంద వస్తువులున్నాయి. ఏవి చేయాలి, ఏవి వదిలేయాలి?

కానోపీ మూసి ఉంచుతారా, తెరిచి ఉంచుతారా అన్నది ముందు తేల్చండి. తర్వాత రంగు వేయని కాక్‌పిట్ మీద కానోపీని ఊరికే ఉంచి, ఒక అడుగు దూరం నుంచి చూడండి. కనిపించిందే చేయండి. మూసిన 1/72 మిగ్‌లో సీటు పై సగం, ప్యానెల్ మీది గొడుగు, పక్క గోడల పై అంచు తప్ప ఏమీ కనపడదు. నేల మీద పెడల్సు చేసిన వాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది, మరెవరికీ తెలియదు.

తెరిచి ఉంచితే లెక్క మారుతుంది. అప్పుడు సీటే కథానాయకుడు. సగం సమయం సీటుకి, మిగతాది ఎడమ గోడకి ఇవ్వండి. ఇంజన్ జోరు పెంచి తగ్గించే మీట, థ్రాటిల్, ఉన్నది ఎడమ వైపు. పైగా బిస్‌లో కానోపీ కుడి పక్కకు వాలి ఉంటుంది కాబట్టి చూసేవాళ్లు ఎడమ నుంచే తొంగి చూస్తారు.

సీటు బెల్టులు కాగితంతో చేస్తే దళసరిగా, అట్టముక్కల్లా ఉంటున్నాయి. ఏం చేయాలి?

కాగితం మానేసి మాత్రల పట్టీ రేకు తీసుకోండి. దాని మీది అక్షరాలను థిన్నర్‌తో తుడిచి, గాజు పలక మీద పరిచి, స్పూను వీపుతో చదును చేయండి. అసలు బెల్టు వెడల్పు సుమారు 45 మి.మీ. అనుకుంటే 1/48లో 0.9 మి.మీ., 1/72లో 0.6 మి.మీ. కొత్త బ్లేడుతో, స్కేలు ఒత్తి పట్టి, ఒక్క కోతలో పట్టీలు తీయండి.

బెల్టు సహజంగా కనిపించాలంటే దానికి బరువు ఉన్నట్టు ఉండాలి. సీటు అంచు మీదుగా జారేటప్పుడు అంచును అంటుకునే దిగాలి, గాలిలో తేలకూడదు. పుల్ల మొనతో నొక్కుతూ దించండి, దిండు మీద ఒక మడత పడనివ్వండి. బకిల్ కోసం 40 గేజి తీగను సన్న స్టీలు పట్టీ చుట్టూ వంచి, చిన్న చతురస్రంగా కత్తిరించండి. చివరగా, కెఎం-1 సీటులో పైలట్ కాళ్ల మధ్య ఉండే ఎర్రటి ఎజెక్షన్ పిడిని మరవకండి. పచ్చటి గదిలో ఆ ఎరుపు చుక్క మీదికే కన్ను ముందు వెళుతుంది.

ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ ఎలా చేయాలి? డయళ్లు గీయడం నా వల్ల కావడం లేదు.

గీయకండి. 80 మి.మీ. డయలు 1/48లో 1.7 మి.మీ., 1/72లో 1.1 మి.మీ. చేత్తో గీసే కొలతలు కావు అవి. మూడు పొరల పద్ధతి చేయండి. ముందు పొర 0.25 మి.మీ. షీటు, దానికి డయళ్ల రంధ్రాలు. మధ్య పొర పారదర్శక ఫిల్ము మీద ప్రింటు తీసిన డయళ్లు. వెనక పొర తెల్ల కాగితం. రంధ్రాలు ముందుగా తొలిచి, తర్వాతే షీటును ప్యానెల్ ఆకారంలో కత్తిరించండి. ముందు కత్తిరిస్తే తొలిచేటప్పుడు అంచులు చీలుతాయి. 1/72లో అయితే కిట్‌లో వచ్చే అంటించే బొమ్మ (డెకాల్) చాలు, ఒక్కో డయలు మీద మెరుపు వార్నిష్ చుక్క పెడితే అద్దంలా నిలుస్తుంది.

మిగ్-21 ప్యానెల్ నడుమ నిలువుగా ఒక తెల్లటి గీత ఉంటుంది. విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోతుంటే కంట్రోల్ స్టిక్‌ని ఆ గీత వైపు నెట్టి నడిమికి తెచ్చుకోవడానికి పెట్టిన గుర్తు అది. చేయడానికి అర నిమిషం, తెలిసినవాడు చూసి నవ్వితే అదే బహుమతి.

మీటల చివర గుండ్రటి తలలు ఎలా వస్తాయి?

పొట్టి తీగ తీసుకుని, దాని కొసను తెల్ల జిగురులో ముంచి, తలకిందులుగా వేలాడదీయండి. చుక్క కొసకు జారి గుండ్రబడి, ఆరాక కాస్త కుదించుకుంటుంది. చిన్నదిగా ఉంటే మళ్లీ ముంచండి. రెండు మూడు ముంపులకు ఆవగింజలో పావు వంతు తల వస్తుంది. ఒక థర్మోకోల్ ముక్కకు పది తీగలు గుచ్చి అన్నిటికీ ఒకేసారి ముంచి, బాగా వచ్చిన మూడు ఏరుకుంటాను. మిగిలినవి అగ్గిపెట్టెలో పడుకుంటాయి, తర్వాతి విమానానికి.

లోపలి రంగు ఏది? ఒక్కో ఫొటోలో ఒక్కోలా ఉంది.

సోవియట్ విమానాల కాక్‌పిట్లలో కనిపించే నీలం కలిసిన పచ్చ అది. నెమలి కంఠం నీలానికి చిలక పచ్చకి మధ్యలో ఎక్కడో. కొత్తగా ఉన్నప్పుడు కళ్లు చెదిరేలా ఉంటుంది, ఎండకు వెలుస్తుంది. అచ్చంగా ఇదే అని పోట్లాడేవాళ్ల మాట పక్కన పెట్టి, మీరు అనుకున్న దానికంటే ఒక పాలు తెలుపు ఎక్కువ కలపండి. అంత చిన్న గదిలో నిండు రంగు వేస్తే చీకటిగా కనిపిస్తుంది.

కిట్ కానోపీ సీసా అడుగులా దళసరిగా ఉంది. పలచటిది చేసుకోగలమా?

చేసుకోవచ్చు. కిట్ కానోపీ లోపల ఎపాక్సీ పుట్టీ నింపి, కింద చిన్న పిడి పెట్టి, గట్టిపడనివ్వండి. పారదర్శక ప్లాస్టిక్ షీటును చెక్క ఫ్రేముకు గుండుసూదులతో బిగించి, స్టవ్ సెగకు దూరంగా పట్టుకుంటే మెత్తబడి కుంగుతుంది. ఆ క్షణంలో అచ్చు మీదికి ఒక్క ఊపున దించాలి. మొదటి నాలుగైదు పోతాయి, అవి పోవడానికే ఉన్నాయనుకోండి. కత్తిరించేటప్పుడు కత్తెర వద్దు, పగులుతుంది. కొత్త బ్లేడుతో ఒకే గీత మీద పదిసార్లు తేలిగ్గా గీయండి. కానోపీ మూసి ఉంచే మోడల్‌కి ఈ శ్రమ దండగ.

## గేర్ కాళ్లు, చక్రాల గూళ్లు

మొదటిసారి ఒక్కటే చేయాలంటే ఏది చేయమంటారు?

బ్రేకు గొట్టం. గంటలో అయిపోతుంది, కొనవలసిందేమీ లేదు, అందరికీ కనిపిస్తుంది. మిగ్-21కి ముక్కు చక్రానికి కూడా బ్రేకు ఉంది కాబట్టి మూడు కాళ్లకూ గొట్టాలు కావాలి.

1/48కి 36 గేజి తీగ నాలుగు సెంటీమీటర్లు తీసుకుని సాగదీసి సరిచేయండి. కాలికి పై భాగాన, చక్రం ఇరుసు దగ్గర 0.3 మొనతో రంధ్రాలు తొలవండి. తీగ కొస పై రంధ్రంలో గుచ్చి, సూది మొనంత సూపర్ గ్లూ పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు కాలి వెంబడి దించుకుంటూ రండి. కాలు ముడుచుకునే, కుదుపును మింగే చోట గొట్టం బయటికి విల్లులా వంగాలి. అసలు విమానంలో కాలు కదలడానికి ఆ వదులు ఉంచుతారు. ఆ వంపును టూత్‌పిక్ చుట్టూ తిప్పి తీయండి, వేళ్లతో వంచితే మూల పడుతుంది. తర్వాత కింది రంధ్రంలో రెండో కొస. చివరగా గొట్టాన్ని కాలికి పట్టి ఉంచే క్లిప్పులు: మాత్రల రేకు నుంచి వెంట్రుకంత పట్టీలు కోసి, రెండు చోట్ల చుట్టండి. అసలైన గొట్టంలా కనపడేది తీగ వల్ల కాదు, ఆ రెండు పట్టీల వల్ల.

గేర్ తలుపులు పలచన చేయాలా, కొత్తవి చేయాలా?

చదునైన తలుపులైతే కొత్తవి చేయడమే తేలిక. కిట్ తలుపును 0.25 మి.మీ. షీటు మీద పెట్టి అంచు గీసి కత్తిరించండి, గ్లాసు మీద పెట్టి వేళ్లతో రుద్దుతూ వంపు తీయండి. లోపలి వైపు సన్న పట్టీలు పక్కటెముకల్లా అతికించండి. బాగా వంపు తిరిగిన వాటిని మాత్రం అంచుల దగ్గర లోపలి నుంచి కత్తితో గీకి పలచన చేయండి. కనిపించేది అంచే, మధ్యలో ఎంత మందం ఉన్నా ఎవరికీ తెలియదు.

చక్రాల గూడులో ఏం నింపాలి?

మిగ్-21 ప్రధాన చక్రం లోపలికి ముడుచుకుని ఒంట్లో దాదాపు నిలువుగా నిలబడుతుంది. అందుకే గూడు లోతుగా, గొట్టాలతో నిండి ఉంటుంది. ఫొటోలో ఉన్న ఇరవై గొట్టాలూ పెట్టకండి. మూడు మందాలు ఎంచుకుని, లావు గొట్టాలు రెండు, మధ్యవి మూడు, సన్నవి నాలుగయిదు, వెనక నుంచి ముందుకు పేర్చండి. అన్నీ సమాంతరంగా పోతే ఈనెల చీపురులా ఉంటుంది, ఒకటి రెండు అడ్డంగా దాటాలి.

మోడల్ తోక మీద కూర్చుంటోంది!

ముక్కులో బరువు పెట్టలేదన్నమాట. మిగ్-21 ముక్కు గాలి పీల్చే బోలు గొట్టం కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పెట్టలేరు. నడిమి శంకువు లోపల, కాక్‌పిట్ తొట్టి కింద ఖాళీ ఉంటుంది. చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు వాడవచ్చు, కానీ వాటిని తెల్ల జిగురుతో అతికించకండి. సీసం ఆ జిగురుతో చర్య జరిపి ఏళ్ల మీద ఉబ్బుతుంది, ఒంటి అతుకును విప్పేస్తుంది. ఎపాక్సీ వాడండి, సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఒళ్లు మూసే ముందే చక్రాల చోట రెండు పుల్లలు పెట్టి తూచి చూడండి.

## బయటి ఒళ్లు

ముక్కు మీది పిటో పుల్ల రోజుకోసారి విరుగుతోంది.

ప్లాస్టిక్ పుల్లను పీకి పారేసి, సిరంజి సూదులతో చేయండి. 23 గేజి సూది బయటి వ్యాసం 0.64 మి.మీ. ఇన్సులిన్ సిరంజిది, 31 గేజి, 0.26 మి.మీ. చిన్నది పెద్దదాని లోపల సరిగ్గా దూరుతుంది. మెట్లు మెట్లుగా సన్నబడే మిగ్ పుల్లకు ఇంతకంటే అనువైనది లేదు. మందుల షాపులో కొత్తవే కొనండి, వాడినవి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

సూదిని కట్టరుతో నొక్కితే గొట్టం చప్పబడి మూసుకుపోతుంది. ఆకురాయి అంచు కింద ఉంచి దొర్లించండి, చుట్టూ గాడి పడ్డాక వంచితే విరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. వాడి మొనను ముందే అరగదీయండి. కొస దగ్గరి చిన్న రెక్కలను కూల్‌డ్రింకు రేకుతో చేసి అతికించవచ్చు. ముక్కులో రంధ్రం ఇప్పుడే తొలిచి ఉంచండి, పుల్లను మాత్రం అన్ని పనులూ ముగిశాక, మోడల్‌ని బీరువాలో పెట్టే రోజున బిగించండి.

నాకు తెలిసిన ఒకాయన సూదులకు బదులు తెగిన వీణ తీగ వాడతారు. అది కూడా నిటారుగా నిలుస్తుంది, కాకపోతే బోలుగా ఉండదు.

పాత కిట్ మీద ప్యానెల్ గీతలు (ఒంటి రేకులు కలిసే చోటి గీతలు) ఉబ్బెత్తుగా ఉన్నాయి. గాడులుగా మార్చాలా?

మార్చితే బాగుంటుంది. ఉబ్బు గీతను పూర్తిగా అరగదీయకముందే దాని పక్కన దళసరి లేబుల్ టేపు అంటించి, దాన్ని ఆసరాగా పెట్టుకుని సూదితో గీయండి. మొదటి మూడు గీతలు బరువు లేకుండా, సూదిని దాని బరువుకే లాగనివ్వాలి. గట్టిగా నొక్కితే సూది తన దారి తాను చూసుకుంటుంది. జారిన గీతను సూపర్ గ్లూతో నింపి, గంటలోపే అరగదీయండి. ఆలస్యమైతే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడి, పక్కన గుంట పడుతుంది.

రివెట్లు కూడా వేయాలా?

1/72లో వద్దు. 5 మి.మీ. రివెట్ తల ఆ స్కేలులో 0.07 మి.మీ. అవుతుంది, పైగా ఒంటికి సమంగా దిగేసిన రివెట్లవి. మీరు పొడిచే గుంటలు చిల్లుల గరిటెలా కనిపిస్తాయి. 1/48లో చేసి తీరాలనుకుంటే పాత గడియారంలోని పళ్ల చక్రాన్ని ఇరుసుకు బిగించి దొర్లించండి, ముందు ఒక పాత రెక్క మీద సాధన చేసి.

రెక్కల చివరి దీపాలు?

పారదర్శకమైన ఎర్ర, పచ్చ టూత్‌బ్రష్ పిడి ముక్కలు. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు పచ్చ. చోటు కోసి, ముక్కను సూపర్ గ్లూతో అతికించి, రెక్క ఆకారానికి ఆకురాయితో దించి, 1000 నుంచి 2000 దాకా ఉప్పుకాగితంతో రుద్ది, టూత్‌పేస్టుతో మెరుగు పెట్టండి. అతికించే ముందు ముక్క లోపలి వైపు 0.4 మొనతో ఒక చిన్న గుంట తొలిస్తే, అదే బల్బులా కనిపిస్తుంది.

## రంగు వేసేటప్పుడు

ఇంత కష్టపడి చేసిన వివరాలు రంగు పొర కింద పూడిపోతున్నాయి.

కుంచెతో నిండుగా వేస్తే పూడిపోతాయి. రంగును పాలలా పలచన చేసి, రెండు మూడు పొరలుగా వేయండి. ప్లాస్టిక్, రాగి, రేకు ఇన్ని రకాలు కలిసి ఉన్నచోట ముందు బూడిద రంగు ప్రైమర్ (అడుగు పూత) తప్పదు. రాగి మీద రంగు ఊడకుండా పట్టేది అదే. అన్నీ ఒకే రంగులోకి వచ్చాక జిగురు మరకలు, వాలిన తీగలు అప్పుడు బయటపడతాయి. సరిదిద్దడానికి అదే సమయం.

వాష్ (సందుల్లోకి దిగే పలచటి ముదురు రంగు) వేస్తే అంతా మురికి పట్టినట్టు అయింది. ఎక్కడ తప్పు?

నలుపు వాడి ఉంటారు, లేదా మెరుపు వార్నిష్ వేయకుండా వేసి ఉంటారు. మట్టి గోధుమ రంగు ఆయిల్ కలర్‌ని టర్పెంటైన్‌లో పలచగా కలిపి, మెరుపు పొర మీద, సందుల్లో మాత్రమే కుంచె మొనతో తాకించండి. ద్రవం తానే గాడి వెంట పరుగెత్తుతుంది. అరగంట తర్వాత మిగిలినదాన్ని గాలి వీచే దిశలో, అంటే ముక్కు నుంచి తోకకు తుడవండి.

## చెడినప్పుడు

కానోపీ లోపల తెల్లటి మసక కమ్మింది. పోతుందా?

సూపర్ గ్లూ ఆవిరి అది. మూసి ఉన్న చోట, గాలిలో తేమ ఉన్నప్పుడు ఎక్కువ. శ్రావణమాసంలో నేనూ ఒక కానోపీని అలాగే పోగొట్టుకున్నాను. చేయి అందితే సన్నటి మెరుగు పేస్టుతో రుద్దండి, చాలావరకు పోతుంది. లోపల మూసుకుపోయి ఉంటే తీసి కొత్తది పెట్టడమే. లోపల సూపర్ గ్లూతో అతికించినవి ఏమైనా ఉంటే, రెండు రోజులు గాలికి వదిలి, ఆ తర్వాతే కానోపీ మూయండి.

పట్టకారులోంచి ముక్క ఎగిరిపోయింది. ఎలా వెతకాలి?

ముందు కదలకండి. లేస్తే ఒడిలో ఉన్నది నేల మీద పడుతుంది, నేల మీద ఉన్నది కాలికి అంటుకుంటుంది. చొక్కా మడతలు, ఒళ్లు చూసుకోండి. తర్వాత గదిలో దీపం ఆర్పి, ఫోను టార్చిని నేలకు ఆనించి పక్కవాటుగా వెలుగు వేయండి. మి.మీ. ముక్కకు కూడా జానెడు నీడ పడుతుంది. పది నిమిషాల్లో దొరక్కపోతే వెతకడం ఆపి కొత్తది చేయండి, ఒకసారి చేసినదే కాబట్టి ఈసారి సగం సమయం పడుతుంది. నేను పోగొట్టుకున్న థ్రాటిల్ పిడి, రెండోది అతికించి రంగు కూడా వేశాక, మూడో రోజున టీ కప్పు కింద సాసరులో కనిపించింది.